సీలియాక్ ఉన్నవాళ్లు ఓట్స్ ప్యాకెట్ ఎంచుకోవడం ఎలా?

ఓట్స్‌లో గ్లూటెన్ ఉంటుందా అని అడిగితే ఒకరు ఉండదంటారు, ఇంకొకరు ముట్టుకోవద్దంటారు. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ ఓట్స్ గింజలో లేదు. అందులో ఉండేది అవెనిన్ అనే వేరే ప్రోటీన్. సీలియాక్ అంటే గ్లూటెన్ తింటే పేగు దెబ్బతినే జబ్బు. అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి అవెనిన్ పడుతుంది, కొద్దిమందికి పడదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. మామూలు ఓట్స్ ప్యాకెట్‌లో ఓట్స్ ఒక్కటే ఉండవు. పొలం నుంచి మిల్లు దాకా వచ్చే దారిలో గోధుమ గింజలు, బార్లీ గింజలు వాటిలో కలుస్తూనే ఉంటాయి. కాబట్టి మంచి ప్యాకెట్ ఎంచుకోవడమంటే, ఆ గింజలు కలవకుండా కంపెనీ ఏం చేసిందో తెలుసుకోవడమే. రుచి, బ్రాండ్, ధర ఆ తర్వాతి సంగతి.

ఇది సీలియాక్ ఉన్నవాళ్ల కోసం, వాళ్లకు వండిపెట్టేవాళ్ల కోసం రాస్తున్నాను. ఏ జబ్బూ లేకుండా ఇష్టంతో గోధుమ మానేసినవాళ్లకు ఇంత పట్టింపు అక్కర్లేదు.

1. ముందు మీ పరిస్థితి చూసుకోండి

సీలియాక్ ఉందేమో అన్న అనుమానం మాత్రమే ఉండి, ఇంకా పరీక్ష చేయించుకోకపోతే గ్లూటెన్ అప్పుడే మానకండి. రక్తపరీక్ష, ఎండోస్కోపీ సరైన ఫలితం ఇవ్వాలంటే అప్పటికి మీరు గ్లూటెన్ తింటూ ఉండాలి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా లేనట్టు రిపోర్టు రావచ్చు.

జబ్బు ఖాయమై ఈమధ్యే గ్లూటెన్ మానేసినవాళ్లు ఓట్స్ విషయంలో తొందరపడకండి. విరేచనాలు, కడుపునొప్పి, నీరసం తగ్గి, సీలియాక్‌ను పట్టిచ్చే టీటీజీ-ఐజీఏ యాంటీబాడీలు రక్తంలో మామూలు స్థాయికి వచ్చేదాకా ఆగడం మంచిది. చాలామందికి దీనికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఎందుకు ఆగాలంటే, పేగు ఇంకా మానకుండానే ఓట్స్ మొదలుపెడితే, రేపు కడుపు ఉబ్బరిస్తే దానికి కారణం పాత జబ్బా, ఓట్సా, ఓట్స్‌లో కలిసిన గోధుమా అన్నది డాక్టర్ కూడా చెప్పలేరు. చర్మం మీద దురద పొక్కులుగా బయటపడే సీలియాక్ రకానికి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

మొదలుపెట్టే ముందు డాక్టర్‌తో ఒక మాట చెప్పి, టీటీజీ పరీక్ష చేయించి ఆ అంకె రాసిపెట్టుకోండి. తర్వాత పోల్చి చూసుకోవడానికి అదే ఆధారం.

2. ఒక్క గింజ లెక్క ఒకసారి వేసి చూడండి

ఈ లెక్క అర్థమైతే లేబుళ్ల మీద రాసిన మాటల్లో దేనికి ఎంత విలువ ఇవ్వాలో మీకే తెలిసిపోతుంది.

గ్లూటెన్ ఫ్రీ అని చెప్పుకోవడానికి అంతర్జాతీయంగా ఎక్కువగా వాడే హద్దు కిలోకి 20 మిల్లీగ్రాములు. దీన్నే 20 పీపీఎం అంటారు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణంలో 2008 నుంచి ఉన్న హద్దు ఇదే. మీరు ఒక పూటకు 40 గ్రాముల ఓట్స్ తింటారనుకుందాం. 20 పీపీఎం లెక్కన అందులో ఉండదగిన గ్లూటెన్ 0.8 మిల్లీగ్రాములు. ఇప్పుడు గోధుమ గింజ సంగతి చూడండి. ఒక్కో గింజ బరువు సుమారు 35 మిల్లీగ్రాములు, అందులో పదో వంతు దాకా గ్లూటెన్. అంటే గింజకు దాదాపు మూడున్నర మిల్లీగ్రాములు. మీ గిన్నెలో వెయ్యికి పైగా ఓట్స్ గింజలుంటే, వాటి మధ్య ఒకే ఒక్క గోధుమ గింజ పడినా ఆ గిన్నె హద్దును నాలుగింతలు దాటేసినట్టే.

అలాగని ఒక్క గింజకే టెన్షన్ పడనక్కర్లేదు. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్ వల్ల ఎక్కువమందికి పేగు దెబ్బతినే ముప్పు తక్కువని నిపుణుల అంచనా. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకుంటే పేగు దెబ్బతింటుందని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. భయపడాల్సింది రోజూ తినే గిన్నెలో రోజూ రెండు మూడు గింజలు పడడానికి. మామూలు ఓట్స్‌లో జరిగేది అదే. కెనడాలో 133 ఓట్స్ నమూనాలు పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 88 శాతం 20 పీపీఎం దాటాయి.

ఇంకో సంగతి. ఉప్పు నీళ్లలో కరిగినట్టు ఈ గ్లూటెన్ ప్యాకెట్ అంతా సమంగా పరుచుకుని ఉండదు. ఇక్కడో గింజ, అక్కడో గింజగా ఉంటుంది. ల్యాబ్‌లో పరీక్షకు వాడే పొడి గ్రాము లేదా అంతకన్నా తక్కువ. ఆ చిటికెడులో గోధుమ గింజ ముక్క పడకపోతే ఫలితం శుభ్రంగా వస్తుంది, గింజ మాత్రం ప్యాకెట్‌లో అలాగే ఉంటుంది. అందుకే "పరీక్షించాం" అన్న మాట ఒక్కటే చాలదు. ఎన్ని నమూనాలు తీశారు, ఒక్కో నమూనాకు ఎంత ఓట్స్ తీసుకుని పొడి చేశారు అన్నది కూడా తెలియాలి.

3. ప్యాకెట్ మీద "గ్లూటెన్ ఫ్రీ" అన్న మాట లేకపోతే అక్కడితో ఆపేయండి

కావలసిన వాటి పట్టికలో "ఓట్స్" అని ఒక్కటే రాసి ఉందని, గోధుమ పేరు లేదని తృప్తిపడకండి. దారిలో కలిసిపోయిన గింజలను ఎవరూ పట్టికలో రాయరు. "నూరు శాతం ఓట్స్", "తృణధాన్యం", "ఆర్గానిక్", "సహజం", "నాన్ జీఎంఓ" (జన్యుమార్పిడి చేయనిది) ఇలాంటి మాటలకూ గ్లూటెన్‌కూ ఏ సంబంధం లేదు. ఆర్గానిక్ పొలంలోనూ నిరుడు గోధుమ వేసి ఉండొచ్చు. "వీట్ ఫ్రీ" అన్నది మరీ మోసపోయే మాట. గోధుమ లేకపోయినా బార్లీ ఉండొచ్చు, ఓట్స్‌లో ఎక్కువగా కలిసేదీ బార్లీయే.

"గ్లూటెన్ ఫ్రీ" అని రాసి ఉన్నా, ఆ మాటకు ఏ దేశంలో ఏ అర్థమో తెలిసి ఉండాలి. అమెరికాలో ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో తెచ్చిన నిబంధన ప్రకారం 20 పీపీఎం కంటే తక్కువ ఉండాలి. యూరోపియన్ యూనియన్ నిబంధన ఇంకో మెట్టు పైకి వెళ్లింది. అంకెతో పాటు, గోధుమ, రై, బార్లీ కలవకుండా ప్రత్యేకంగా పండించి తయారుచేసిన ఓట్స్ మాత్రమే అయి ఉండాలంటుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఓట్స్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయడానికి చట్టం అసలు ఒప్పుకోదు. అక్కడ ఎంత శుభ్రమైన ఓట్స్‌కైనా ఆ ముద్ర ఉండదు. అది చూసి కంగారు పడొద్దు.

ఒకే ప్యాకెట్ మీద ముందు "గ్లూటెన్ ఫ్రీ" అని, వెనక అలర్జీ హెచ్చరికలో "ఓట్స్ ఉన్నాయి" అని బోల్డ్ అక్షరాల్లో కనిపిస్తే కూడా గాబరా పడకండి. చాలా దేశాల చట్టాల్లో ఓట్స్‌ను గ్లూటెన్ ధాన్యాల జాబితాలోనే పెట్టారు, అందుకే ఆ పేరును ఎత్తి చూపించాల్సి వస్తుంది. "గోధుమ ఉండవచ్చు" అని గానీ, "గోధుమ కూడా వాడే ఫ్యాక్టరీలో తయారైంది" అని గానీ ఉంటే మాత్రం ఆ ప్యాకెట్ కింద పెట్టేయండి. ఇలాంటి హెచ్చరిక రాయడం చాలాచోట్ల తప్పనిసరి కాదు, కాబట్టి అది లేనంత మాత్రాన శుభ్రమనీ అనుకోకండి.

4. ముద్ర ఎవరిదో చూడండి

కంపెనీ తనంతట తాను గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవడం వేరు, బయటి సంస్థ తనిఖీ చేసి ముద్ర ఇవ్వడం వేరు. గ్లూటెన్ ఫ్రీ ముద్రలిచ్చే అమెరికా సంస్థ జీఎఫ్‌సీఓ ముద్రకు హద్దు 10 పీపీఎం. గీత కొట్టిన గోధుమ కంకి బొమ్మతో యూరప్ సీలియాక్ సంఘాలు ఇచ్చే ముద్రకు హద్దు 20 పీపీఎం. ఉత్పత్తిలో ఓట్స్ ఉంటే ఆ బొమ్మ దగ్గరే ఓట్స్ అన్న మాట కూడా ఉంటుంది, ఓట్స్ పడనివాళ్లు గుర్తుపట్టడానికి. ఏ సంస్థ పేరూ లేకుండా కంకి బొమ్మ మీద గీత మాత్రమే కనిపిస్తే దాన్ని అలంకారం కిందే లెక్కేయండి.

ముద్ర ఉన్నది లేనిదానికన్నా నయం. కానీ ఇందాకటి ఒక్క గింజ లెక్క ముద్ర ఉన్న ప్యాకెట్‌కూ వర్తిస్తుంది. అమెరికాలో గ్లూటెన్ ఫ్రీ ఉత్పత్తులను సొంతంగా పరీక్షించే గ్లూటెన్ ఫ్రీ వాచ్‌డాగ్ అనే సంస్థ 2023లో, ఓట్స్‌లో ఫలానా బ్రాండ్ తీసుకోండని ఇక సిఫారసు చేయలేమని ప్రకటించింది. కాబట్టి ముద్ర చూశాక కూడా ఇంకో ప్రశ్న మిగిలే ఉంటుంది.

5. ఆ ఓట్స్‌ను పండించారా, ఏరారా అని అడగండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దీన్ని వదిలేస్తారు.

గ్లూటెన్ ఫ్రీ ఓట్స్ తయారుచేసే పద్ధతులు రెండు. మొదటిదాన్ని ప్యూరిటీ ప్రోటోకాల్ అంటారు. విత్తనం దగ్గరే గోధుమ, బార్లీ కలవకుండా చూస్తారు. అంతకుముందు కొన్నేళ్లుగా ఆ పంటలు వేయని పొలంలోనే ఓట్స్ వేస్తారు, ఎందుకంటే రాలిపడిన బార్లీ గింజ మరుసటి ఏడు ఓట్స్ మధ్య తనంతట తానే మొలుస్తుంది. పైరు నిలబడి ఉండగానే పొలంలో నడిచి పరాయి మొక్కలున్నాయేమో చూస్తారు. కోత యంత్రం, లారీ, నిల్వ గిడ్డంగి, మిల్లు అన్నీ వేరుగా ఉంచడమో, పూర్తిగా శుభ్రం చేయడమో చేస్తారు. ఆఖరున పరీక్ష సరేసరి.

రెండోది ఏరివేత. మామూలు ఓట్స్‌నే కొని, యంత్రాలతో పొడవు, లావు, బరువు, రంగు తేడాలను బట్టి పరాయి గింజలను తీసేస్తారు. కెమెరాతో చూసి గాలి విసురుతో గింజను పక్కకు నెట్టే యంత్రాలు కూడా ఉన్నాయి. గోధుమ గింజ పొట్టిగా, గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది. ఒక పక్కన లోతైన చార ఉంటుంది. ఓట్స్ గింజ సన్నగా, పొడుగ్గా, పాలిపోయిన రంగులో ఉంటుంది. కాబట్టి గోధుమను పట్టడం కొంత తేలిక. బార్లీ దగ్గరే తంటా. దాని రంగు ఓట్స్ రంగుకు దగ్గర, సన్నపాటి బార్లీ గింజ పొడవులోనూ లావులోనూ ఓట్స్‌కు దగ్గరగానే వస్తుంది. ఎంత మంచి యంత్రమైనా కొన్నిటిని వదిలేస్తుంది.

ఏరివేత బాగా చేసే కంపెనీలూ ఉన్నాయి, ప్యూరిటీ ప్రోటోకాల్ అన్న పేరు పెట్టుకుని అశ్రద్ధగా ఉండే కంపెనీలూ ఉండొచ్చు. రెండూ దొరికినప్పుడు మాత్రం నేను మొదటి పద్ధతికే ఓటేస్తాను. కలిసినవాటిని తర్వాత ఏరడం కన్నా, కలవకుండా చూడడమే నమ్మదగ్గ పని.

ఇది ప్యాకెట్ మీద సాధారణంగా ఉండదు. కంపెనీకి రాసి అడగాల్సిందే. ఇలా రాయండి:

"నాకు సీలియాక్ ఉంది. మీ ఓట్స్ ప్యూరిటీ ప్రోటోకాల్ ప్రకారం పండించినవా, లేక మామూలు ఓట్స్‌ను ఏరినవా? ఒక్కో లాట్‌లో ఎన్ని నమూనాలు పరీక్షిస్తారు? ఒక్కో నమూనాకు ఎంత ఓట్స్ తీసుకుని పొడి చేస్తారు? ఏ పరీక్ష వాడతారు? ఏదైనా ఒక్క నమూనా 20 పీపీఎం దాటితే ఆ లాట్‌ను ఏం చేస్తారు? ప్యాకింగ్ చేసే లైన్ మీద గోధుమ, బార్లీ ఉత్పత్తులు కూడా నడుస్తాయా?"

జవాబులో రెండు విషయాలు పట్టి చూడండి. ఒకటి, నమూనాల సగటు చెబుతున్నారేమో. నాలుగు నమూనాల్లో మూడు 5 పీపీఎం, ఒకటి 60 పీపీఎం వచ్చిందనుకోండి, సగటు 20 లోపే ఉంటుంది. కానీ ఆ 60 ఉన్న భాగం ఎవరో ఒకరి గిన్నెలోకి వెళ్తుంది. ఏ ఒక్క నమూనా దాటినా లాట్ మొత్తం పక్కన పెడతాం అని చెప్పే కంపెనీయే మనకు కావాలి. రెండోది పరీక్ష పేరు. గోధుమ, బార్లీ, రైలను పట్టి, ఓట్స్‌ను వదిలేసే ఆర్5 ఎలైసా పరీక్ష దీనికి బాగా వాడుకలో ఉన్నది. "మా ఉత్పత్తులన్నీ చట్టం ప్రకారమే ఉంటాయి" అని ఒక్క వాక్యంతో సరిపెడితే ఆ బ్రాండ్ వదిలేయండి.

ఆఖరి ప్రశ్న ఊరికే పెట్టలేదు. 2015 అక్టోబరులో అమెరికా కంపెనీ జనరల్ మిల్స్, గ్లూటెన్ ఫ్రీ అని రాసిన 18 లక్షల చీరియోస్ (ఓట్స్‌తో చేసే అల్పాహారం) పెట్టెలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలోని లోడై ఫ్యాక్టరీలో ఓట్స్ పిండి వెళ్లాల్సిన చోటికి పొరపాటున గోధుమ పిండి వెళ్లింది. పొలంలో ఎంత జాగ్రత్తపడినా ఫ్యాక్టరీ గేటు లోపల అంతా తలకిందులు కావచ్చు.

6. ఏ రకం కొనాలి?

గింజ ఓట్స్, కోసిన ఓట్స్, అటుకుల్లా నొక్కినవి, ఇన్‌స్టంట్, పిండి, తవుడు అన్నీ ఒకే గింజ నుంచి వచ్చేవే. కలుషితమయ్యే ముప్పు అన్నిటికీ ఉంది. గ్లూటెన్ ఫ్రీ అని రాసి ఉన్న, రుచులు ఏవీ కలపని సాదా రకంతో మొదలుపెట్టండి. పదార్థం ఒక్కటే ఉంటే తేడా చేసినప్పుడు అనుమానించాల్సిందీ ఒక్కటే.

రుచులు కలిపినవి, గ్రనోలా, ముయెస్లీ, బిస్కెట్లు, బార్లు కొనేటప్పుడు "మాల్ట్" అన్న మాట కోసం వెతకండి. మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్, మాల్ట్ సిరప్ మామూలుగా బార్లీ నుంచే వస్తాయి. అమెరికా అలర్జీ చట్టం పేర్కొన్న పదార్థాల్లో గోధుమ ఉంది, బార్లీ లేదు. కాబట్టి అక్కడి ప్యాకెట్ల మీద "గోధుమ ఉంది" అన్న హెచ్చరిక లేదని బార్లీ కూడా లేదనుకోవడానికి వీల్లేదు. ఓట్స్ పాలకూ గ్లూటెన్ ఫ్రీ అన్న మాట ఉండాల్సిందే.

డబ్బాల్లోంచి కొలిచి ఇచ్చే విడి ఓట్స్ వద్దు. నిమిషం క్రితం అదే గరిట పక్క డబ్బాలోని గోధుమ రవ్వలో మునిగి ఉండొచ్చు.

గింజ ఓట్స్ కొంటే ఇంట్లో ఏరుకోవచ్చు కదా అంటారు కొందరు. తెల్ల పళ్లెంలో పలచగా పరిచి చూస్తే గోధుమ గింజ కనిపిస్తుంది, నిజమే. బార్లీ మాత్రం మిల్లు కెమెరాకే చిక్కదు, మన కంటికి ఏం చిక్కుతుంది? గ్లూటెన్ ఫ్రీ ఓట్స్‌ను ఇంకోసారి చూసుకోవడానికి ఇది పనికొస్తుంది గానీ, మామూలు ఓట్స్‌ను గ్లూటెన్ ఫ్రీగా మార్చడానికి కాదు. కడిగినా, ఉడికించినా, వేయించినా గ్లూటెన్ పోదు.

7. ఇంటికి తెచ్చాక

ఓట్స్‌కు వేరే డబ్బా, వేరే చెంచా పెట్టండి. గోధుమ పిండి జల్లించిన జల్లెడ, దాన్ని కలిపిన చెక్క గరిట వాడకండి. మిక్సీలో పొడి చేయాలంటే, గోధుమ ఏదీ పట్టని జార్ ఉంటేనే చేయండి. బ్లేడు కింద, రబ్బరు రింగు సందుల్లో పాత పిండి ఎంత కడిగినా మిగులుతుంది.

ప్యాకెట్‌లోంచి డబ్బాలో పోసేటప్పుడు బ్యాచ్ నంబరు, తేదీ ఉన్న భాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అవతల కంపెనీ ఏదైనా లాట్‌ను వెనక్కి పిలిచినా, మీకు తేడా చేసినా ఆ నంబరే అక్కరకొస్తుంది. పాత ఓట్స్ మిగిలి ఉండగా కొత్త ప్యాకెట్ అందులోనే పోయకండి. రెండు లాట్లు కలిస్తే ఏది చేటు చేసిందో తేల్చలేం.

8. తినడం మొదలుపెట్టడం

తొలి వారం రోజుకు రెండు చెంచాలతో సరిపెట్టండి. బాగుంటే నెమ్మదిగా పెంచండి. పెద్దవాళ్లకు రోజుకు 50 నుంచి 70 గ్రాములు, పిల్లలకు 20 నుంచి 25 గ్రాములు దాటొద్దన్నది ఎక్కువగా వినిపించే సలహా. ఆ రోజుల్లో ఇంకే కొత్త పదార్థమూ మొదలుపెట్టకండి, బ్రాండ్ మార్చకండి.

ఓట్స్‌లో వంద గ్రాములకు పది గ్రాముల దాకా పీచు ఉంటుంది. గ్లూటెన్ మానేశాక పీచు తక్కువ తింటూ వచ్చినవాళ్లకు మొదట్లో గ్యాస్, కొద్దిపాటి ఉబ్బరం మామూలే. కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. నీళ్లు బాగా తాగండి. కానీ విరేచనాలు, వాంతులు, గట్టిగా కడుపునొప్పి, పాత దురద పొక్కులు మళ్లీ రావడం, పిల్లల్లో బరువు పెరగకపోవడం కనిపిస్తే ఓట్స్ వెంటనే ఆపండి. ప్యాకెట్ పారేయకుండా పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి. కంపెనీకి కూడా బ్యాచ్ నంబరుతో రాయండి. అదే లాట్ మీద ఇంకొకరి ఫిర్యాదు కూడా ఉంటే వాళ్లు వెతకాల్సిన చోటు దొరుకుతుంది.

ఒంట్లో బాగానే ఉందని పరీక్ష మానేయకండి. సీలియాక్‌లో ఏ బాధా తెలియకుండానే పేగు దెబ్బతినవచ్చు. డాక్టర్ చెప్పిన సమయానికి, మొదలుపెట్టిన కొన్ని నెలల తర్వాత టీటీజీ మళ్లీ చేయించి, ముందు రాసిపెట్టుకున్న అంకెతో పోల్చండి. అంకె పెరిగితే ఓట్స్ ఆపి, తగ్గుతుందేమో చూస్తారు. తగ్గితే, ఆ బ్రాండ్ వల్లనా లేక అవెనిన్ మీకు పడదా అన్నది తేల్చడానికి వేరే బ్రాండ్‌తో మళ్లీ ప్రయత్నించాలా వద్దా అన్నది డాక్టర్‌తో కూర్చుని నిర్ణయించుకోండి, సొంతంగా కాదు. శుభ్రమైన ఓట్స్ కూడా పడని ఆ కొద్దిమందిలో మీరుంటే ఓట్స్‌కు స్వస్తి చెప్పేయండి. క్వినోవా, బక్‌వీట్, వరి, చిరుధాన్యాలు ఉన్నాయి, అయితే వీటి పిండి కొన్నా ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అన్న మాట ఉందో లేదో చూసుకోండి.